పదకొండో ప్రశ్న

పన్నెండేళ్ళ కిందట ఒక ఫారం మీద మూడు మాటలు రాశాను. ‘ఇంట్లో, ఖాళీగా, తాళంలో.’ మూడూ అబద్ధాలే. వాటిని మోస్తూనే ఉద్యోగం తెచ్చుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని బడిలో వేశాను. మోస్తున్నానని ఎవరికీ తెలియలేదు. తెలియనివ్వలేదు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదనిపిస్తోంది. తెలిసినవాళ్ళకి చెప్పబోయిన ప్రతిసారీ వాళ్ళ ముఖం చూసి మాట మార్చేశాను. మీ ముఖం నాకు కనపడదు కాబట్టి ఈసారి మార్చకుండా చెప్పగలనేమో చూస్తాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, రాజమండ్రిలో ఒక అద్దె గదిలో ఉంటూ, ట్యుటోరియల్‌లో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. ఒక డాక్టరు గారికి సర్వే చేసే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. ఆవిడ ప్రభుత్వ ఆస్పత్రిలో సర్జన్. పేరు రాయను. బతికి ఉంటే ఇది చదవాలని కోరుకునేవాణ్ణి కాదు. లేరు కాబట్టి చదవలేరే అని బాధపడుతున్నాను. నేను ఇలాంటివాణ్ణే.

అది రొయ్యల చెరువుల కాలం. డెల్టాలో సముద్రం వైపు ఊళ్ళన్నీ వరిచేలు తవ్వి చెరువులు చేసుకుంటున్న రోజులు. పగలు నీటికాకులు గుంపులుగా వాలి రొయ్యల్ని ఏరుకు తినేవి. చీకటి పడితే వలలు పట్టుకుని దొంగలు దిగేవాళ్ళు. అందుకని రైతులు తుపాకులకు లైసెన్సులు తీసుకున్నారు. చాలావరకు పాతకాలపు గొట్టం తుపాకులే. గొట్టంలోకి మందు పోసి, పైన పీచు కూరి, గుళ్ళు వేసి, మళ్ళీ పీచు దట్టించాలి. ఒకసారి దట్టించాక ఖాళీ చెయ్యాలంటే పేల్చడమొక్కటే సులువైన దారి. పిట్ట లేనప్పుడు పేలిస్తే మందు దండగ. అందుకని నిండు తుపాకిని అలాగే మేకుకి తగిలించేసేవాళ్ళు. అదే అలవాటైపోయింది.

డాక్టరు గారి వార్డుకి ఈ తుపాకుల దెబ్బలు వస్తూ ఉండేవి. ఎవరూ ఎవరినీ కాల్చలేదు. దులుపుతుంటే పేలింది, పడవలో పెడుతుంటే పేలింది, దండెం మీద బట్ట తీస్తుంటే తగిలి పేలింది. ఆవిడ పదేళ్ళ రిజిస్టర్లు తిరగేసి ఒక సంగతి పట్టుకున్నారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయించేవాళ్ళు. ఆ వారాల్లో ఆమె వార్డుకి ఇలాంటి కేసు ఒక్కటీ రాలేదు. తుపాకులు తిరిగి ఇళ్ళకి చేరగానే మళ్ళీ మొదలయ్యేవి. ఇది చెబుతూ ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ఒక మనిషి ఒక విషయాన్ని కనిపెట్టినప్పుడు ఎలా ఉంటారో అప్పుడే మొదటిసారి చూశాను.

మన జిల్లాల్లో తుపాకుల గొడవేంటండీ, అవి ఎక్కడో వేరేచోట కదా అని అధికారులు నవ్వేవారట. అందుకని ఆవిడ ఊరూరా అడిగి లెక్క తీయాలనుకున్నారు. తుపాకి ఒకచోట, మందు ఇంకోచోట, రెండూ వేరు వేరు తాళాల్లో ఉండాలి. స్టేషన్ నుంచి ఎవరైనా వెళ్ళి కళ్ళతో చూశాకే లైసెన్సు కొత్తది చెయ్యాలి. ఆవిడ అడగదలచుకున్నది ఇంతే. దానికి రుజువుగా ఒక పట్టిక కావాలి. ఆ పట్టికకి ఫారం తయారు చేశారు. అందులో పదకొండో ప్రశ్న: తుపాకి ఎక్కడ, ఏ స్థితిలో ఉంచుతున్నారు? దాని కింద ఎర్రసిరాతో ఆవిడే రాశారు: విని రాయవద్దు, చూసి రాయాలి.

మొదటి వారం చూసే రాశాను. ఇది నన్ను నేను సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. చూడడం ఎలాగో నాకు తెలుసు అని చెప్పడానికి చెబుతున్నాను.

తర్వాతే వచ్చింది చిక్కు. మన వైపు ఇళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒక మనిషి గుమ్మం ఎక్కితే ముందు మంచినీళ్ళు, ఆ తర్వాత కాఫీ, పన్నెండు దాటితే భోజనం. కాదంటే వాళ్ళకి చిన్నతనం. తింటే మనకి నోరు లేవదు. పులస కాదు గానీ, చందువా చేప ముక్కలు రెండు వేసి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరిన పెద్దమనిషిని, చెయ్యి కడుక్కున్న మరుక్షణం, అయ్యా మీరు తుపాకి అజాగ్రత్తగా పెడుతున్నారా, పదండి చూపించండి అని ఎలా అడగడం? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు కదా. నా ఉద్యోగమే అది. లెక్కపెట్టడానికే జీతం ఇచ్చారు. నేను తిన్నాను, లెక్కపెట్టలేదు. మొహమాటం అన్నాను దాన్ని. చాలా ఏళ్ళు ఆ మాటే వాడాను. మొహమాటం అనే మాటలో ఒక మంచితనం ఉంది, అందుకే దాని వెనక దాక్కోవడం సులువు.

సత్తిరాజు గారి ఇల్లు భీమవరం దాటాక, ఉప్పుటేరు వైపు ఉండే ఒక ఊళ్ళో. ఆయనవి పెద్ద చెరువులు. ఇల్లు ఊళ్ళో, చెరువులు ఊరి బయట, మధ్యలో ఒక మైలు గట్టు. ఆ గట్టు చివర తాటాకు షెడ్డులో కాపలాకి ఒక జంట ఉండేది, అప్పన్న, నూకరత్నం. గోదావరి అవతల నుంచి వచ్చినవాళ్ళు. సత్తిరాజు గారు మంచి మనిషి. ఇది వెటకారంగా అనడం లేదు. నా చెప్పులు ఎండలో ఉన్నాయని ఆయనే తీసి నీడలో పెట్టారు.

భోజనం అయింది. వసారాలో కుర్చీ వేశారు. ఫారం తీశాను. పదో ప్రశ్న వరకూ బాగానే సాగింది. పదకొండోది చదివాను. తుపాకి ఇంట్లోనే, ఖాళీగా, బీరువాలో తాళం వేసి ఉంటుందని ఆయన అన్నారు. సరిగ్గా అప్పుడే నూకరత్నం ఒక గిన్నెలో రొయ్యలు వంటింటికి ఇచ్చి వెనక్కి వస్తోంది. గుమ్మం దగ్గర ఆగింది.

“అది షెడ్డులోనే కదండి ఉంటది అయ్యగారూ. మా మంచం మీద మేకుకే. ఎప్పుడూ నిండే ఉంటదండి బాబూ. దులపాలంటే నాకు గుండె దడండి.”

చివరి మాట నాతో అంది. సత్తిరాజు గారు నవ్వారు.

“లైసెన్సు నీ పేరున ఉందేంటే రత్నం? ఇంకా నయం, గవర్నమెంటోళ్ళు నిన్నే అడగలేదు.” తర్వాత నా వైపు తిరిగి, “దాని మాటలకేంలెండి, మాస్టారూ, మీరు రాసుకోండి. అంత ఎండలో గట్టెంట ఏం నడుస్తారు? ముందు కాఫీ తాగండి, చల్లారిపోద్ది” అన్నారు.

నూకరత్నం కూడా నవ్వింది. నవ్వి, నా కలం వైపు చూసింది. ఆమెకి చదువు రాదు. నేను రాస్తున్నానా లేదా అని మాత్రం చూసింది. నేను రాశాను. ఇంట్లో, ఖాళీగా, తాళంలో. ఆమె తలాడించి వెళ్ళిపోయింది. తను చెప్పింది కాగితం మీదకి ఎక్కిందనుకుంది.

ఆ గట్టు మీద నడవడానికి ఎంతసేపు పట్టేది? ఇరవై నిమిషాలు. నడిచి, ఆ మేకుకి ఉన్నది చూసి, వెనక్కి వస్తే మొత్తం నలభై. నేను ఆ నలభై నిమిషాల గురించి ఆలోచించిన గంటలన్నీ కలిపితే నెలలవుతాయేమో.

ఆ ఇంటితో ఆగలేదు. ఒకసారి రాయడం అలవాటయ్యాక అడగడం కూడా మానేశాను. కొన్ని ఇళ్ళలో పదకొండో గడి బస్సులో కూర్చుని నింపాను. ఏ ఇళ్ళు? నాకిప్పుడు గుర్తులేదు. దీని గురించే నా మీద నాకు ఎక్కువ కోపం. ఒక్క అబద్ధమైతే తీసి పక్కన పెట్టొచ్చు. నిజాల మధ్య కలిపేశాక, నేనే వెళ్ళి సరిదిద్దుతానన్నా ఏది ఏదో చెప్పలేను.

పట్టిక తయారైంది. జిల్లా ఆఫీసులో మీటింగు పెట్టారు. డాక్టరు గారు వార్డు సంగతులు చెప్పారు, ఎన్నికల వారాల సంగతి చెప్పారు, రెండు తాళాలు కావాలన్నారు. బల్లకి అవతల కూర్చున్న పెద్ద అధికారి మా పట్టికే తిప్పి చూపించారు. చూడండి డాక్టరు గారూ, మీ లెక్క ప్రకారం మన రైతులు మనకన్నా జాగ్రత్తగా ఉన్నారు, దాదాపు అందరూ ఖాళీగా తాళం వేసే పెడుతున్నారు, ఇంక నిబంధన దేనికి అన్నారు. నలుగురూ నవ్వారు. బిస్కట్లు తెచ్చారు. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, మెల్లిగా, నాకు మాత్రమే వినిపించేలా అడిగారు.

“అన్నీ చూసే రాశారు కదా?”

“చూసే రాశానండి మేడం.”

ఆవిడ నమ్మారు. తన కళ్ళతో చూసిన వార్డుని అనుమానించుకున్నారు గానీ నన్ను అనుమానించలేదు. బయటికి వచ్చాక, మరి నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఏ ఇళ్ళ నుంచి వస్తున్నారో అని తనలో తను అనుకున్నారు. నేను ఆటో కోసం చూస్తున్నట్టు రోడ్డు వైపు తిరిగాను.

నాలుగైదు నెలలకి వానలు పట్టాయి. షెడ్డు కప్పు కారుతుంటే, తుపాకి తడిస్తే అయ్యగారు కోప్పడతారని, నూకరత్నం మేత సంచిలోని ప్లాస్టిక్ కవరు తీసుకుని దాన్ని చుట్టబోయింది. మేకు నుంచి దింపుతుంటే పక్కన వేలాడుతున్న వలకి గుర్రం చిక్కుకుంది. గుర్రం అంటే తుపాకి వెనక ఉండే కొక్కెం, అది పడితేనే పేలుతుంది. విడిపించడానికి లాగింది. గుమ్మంలో కూర్చుని అన్నం తింటున్న అప్పన్నకి పొట్టలో తగిలింది.

డాక్టరు గారి వార్డుకే తెచ్చారు. ఫారం నింపడానికి ఆవిడ నన్నే పంపారు, మీటింగు తర్వాత కూడా వార్డు కేసుల లెక్క ఆపలేదు కాబట్టి. నూకరత్నం వరండాలో గోడకి చేరగిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. లేచి నిలబడింది.

“వచ్చారా బాబూ. ఆ రోజు నేను చెప్పింది రాసుకున్నారు కదండీ? మా ఆయనే అయ్యగారి ఇంట్లోంచి తుపాకి ఎత్తుకొచ్చేశాడంటన్నారండి. ఎవరికీ చెప్పకుండా పట్టుకొచ్చి మందేశాడంట. మీ కాగితంలో ఉంటది కదండీ, అది షెడ్డులోనే ఉండేదని.”

“ఉంటుంది” అన్నాను.

చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు, మంచి సమయం లేదు. అప్పన్న ఇంకా బతికే ఉన్నాడు. ఎస్సై ఇంకా కాగితాలు రాయడం పూర్తి చెయ్యలేదు. లోపలికి వెళ్ళి డాక్టరు గారితో, అది నేను చూడకుండా రాశానండి అంటే సరిపోయేది. వెళ్ళాను కూడా. ఆవిడ గది తలుపు వరకూ వెళ్ళాను. ఒక్కటి ఒప్పుకుంటే మిగతావి అడుగుతారు. అన్నీ పోతాయి, ఆవిడ ఇన్నేళ్ళ శ్రమ పోతుంది, ఆవిడ పేరు పోతుంది అనుకున్నాను. అవునా? ఆవిడ పేరు కోసమేనా? ఒక కాలేజీలో లెక్చరరు పోస్టుకి ఆవిడ రాసి ఇస్తానన్న సిఫార్సు ఉత్తరం సంగతి అప్పుడు నాకు గుర్తులేదా? గుర్తుంది. తలుపు దగ్గర నిలబడ్డంతసేపూ గుర్తున్నది అదే.

అప్పన్న మూడో రోజు పోయాడు.

లైసెన్సు మీద విచారణ జరిగినప్పుడు, డాక్టరు గారే ఆ ఫారం తీసి ఇచ్చారు. తను చెప్పింది అందులో ఉందని నూకరత్నం అంటే, ఆమెకి పనికొస్తుందని, చదవకుండానే ఇచ్చారు. విచారణలో చదివి వినిపించాక డాక్టరు గారి ముఖం వాడిపోయింది. ఇంట్లో, ఖాళీగా, తాళంలో. ప్రభుత్వ సర్వేలోనే అలా ఉంది కదా అని సత్తిరాజు గారి తరఫువాళ్ళు అన్నారు. ఆయన అబద్ధానికి నేను సాక్షినయ్యాను, ఎవరూ నన్ను పిలవకుండానే, కోర్టు మెట్లు ఎక్కకుండానే. కాపలావాడు యజమాని ఇంట్లోంచి తుపాకి దొంగిలించి తెచ్చుకున్నాడనీ, భార్య చేతిలో పొరపాటున పేలి చనిపోయాడనీ రాసి ముగించారు. లైసెన్సు సత్తిరాజు గారికి మళ్ళీ వచ్చింది. నూకరత్నాన్ని షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు. నాకు ఉత్తరం వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది.

నిబంధన రాలేదు. డాక్టరు గారు ఇంకో రెండుసార్లు అడిగి మానేశారట. ఇంతకీ నేను కాపాడింది ఏంటి? నా అబద్ధంతోనే చచ్చిపోయిన ఒక రిపోర్టుని, అది చచ్చిపోకూడదని, ఇంకో అబద్ధంతో కాపాడాను. మనిషి అనేవాడు తనకి తాను చెప్పుకునే కారణాలు ఇంత తెలివితక్కువగా ఉంటాయని నాకు ముందే తెలిస్తే కనీసం వాటిని నమ్మి ఉండేవాణ్ణి కాదు.

ఇప్పుడు నేను కాలేజీలో పిల్లలకి చెప్పేది కూడా అదే పాఠం. సమాచారం సేకరించడం ఎలా. ప్రాక్టికల్ రికార్డులో కొలవకుండా అంకెలు వేసిన కుర్రాణ్ణి మొన్నామధ్య క్లాసులో నిలబెట్టి తిట్టాను. హద్దు దాటి తిట్టాను. పిల్లలు బిత్తరపోయి చూశారు. ఇంటికొచ్చాక నా భార్య, ఎందుకండీ అంత చిరాకు అని అడిగితే ఆమెని కూడా విసుక్కున్నాను. ఏళ్ళుగా ఇదే వరస. పేపర్లో ఎక్కడైనా తుపాకి పేలిందని చదివితే ఇంట్లో ఎవరూ నాతో ఆ పూట మాట్లాడరు.

పోయిన ఏడు వెళ్ళాను. డాక్టరు గారు పోయారని తెలిసిన నెలకి. ఇక చెప్పాల్సినవాళ్ళలో మిగిలింది ఒక్కరే. కాకినాడ దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లెలో నూకరత్నం అన్నగారింట్లో ఉంటోందని ఆరా తీశాను. పొద్దున్న పది గంటలప్పుడు ఇసుకలో ఉప్పుచేపలు ఆరబెడుతోంది. జుట్టు నెరిసింది. ఈసారి నన్ను గుర్తుపట్టలేదు. నేనెవరో చెప్పుకున్నాను. అన్నీ చెప్పాను, నిలబడే, ఆమె చేతులు చేపలు తిప్పుతూ ఉండగానే. ఆ రోజు నువ్వు చెప్పింది రాయలేదమ్మా అన్నాను. ఆస్పత్రిలో కూడా అబద్ధం చెప్పాను అన్నాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే తిట్టాలని ఆశపడ్డాను.

ఆమె చేతులు ఆగాయి. తర్వాత అడిగింది.

“అయితే మా ఆయన దొంగ కాదని ఇప్పుడు ఎక్కడైనా రాస్తారాండీ?”

రాయిస్తాను అన్నాను. ఆమె నన్ను నమ్మినట్టు లేదు. నమ్మడానికి కారణమూ లేదు. కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. మన వైపు ఒక ఇంటి ముందు నిలబడి మంచినీళ్ళు కూడా లేకుండా వెనక్కి వచ్చింది జీవితంలో అదొక్కసారే. ఆమె మళ్ళీ చేపలు తిప్పడంలో పడింది. నేను వచ్చేశాను.

జిల్లా ఆఫీసుకి అర్జీ పెట్టాను. నా పేరు, నా చిరునామా, నేను చేసింది, అన్నీ రాసి పెట్టాను. అంత పాత ఫైలు లేదండి, చెదలు పట్టినవన్నీ ఎప్పుడో తీసేశారు అన్నాడు గుమస్తా. పోలీస్ స్టేషన్లో, ముగిసిన కేసు మళ్ళీ తవ్వడం ఎందుకు సార్, పెద్దాయన సత్తిరాజు గారు కూడా పోయారు కదా అన్నారు. టీ తెప్పించారు. తాగలేదు. అర్జీ తీసుకున్నట్టు రసీదు ఇమ్మంటే, ఇచ్చే పద్ధతి లేదన్నారు. అబద్ధాన్ని అంత సులువుగా తీసుకున్న కాగితాలు నిజాన్ని తీసుకోవు. వాటిని తిట్టి లాభం లేదు. ఆ అబద్ధం ఇచ్చింది నేను.

అందుకని మీకు రాస్తున్నాను. క్షమించమని కాదు. మీకు ఆ అధికారం లేదు, ఉన్న మనిషి ఇవ్వలేదు. ఇది ఆమె అడిగిన చోటు కాదని కూడా తెలుసు. ఆమె చదవలేదు, ఆ పల్లెలో ఎవరో చదివి వినిపిస్తారన్న నమ్మకమూ లేదు. అయినా ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి.

తుపాకి షెడ్డులో ఉండేది. యజమానే పెట్టించాడు. ఎప్పుడూ నిండే ఉండేది. ఆ సంగతి నాకు చెప్పారు, నేను రాయలేదు. అప్పన్న దొంగ కాదు.

ఇది రాశాక కాసేపు ఊరికే కూర్చున్నాను. ఊపిరి కొంచెం కిందివరకూ వెళ్తోంది. అంతే.